మెదడుకు కావలివాళ్ళు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల నృత్యానికీ మధ్యాహ్న భోజనానికీ నడుమ మాకు కొంత సమయం ఇచ్చారు. పండుగపూట మెదడు జబ్బుల ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం చెప్తాము. మేమంటే సాయంత్రపు తెలుగు తరగతిలో కూర్చునేవాళ్ళం. మాలో చాలామందిమి బడిపంతుళ్ళుగా పనిచేసినవాళ్ళమే, అరవై దాటినవాళ్ళమే. మా తాతలు మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఫిజీ చెరుకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. దక్షిణాది వాళ్ళతో ఆ ఓడలు 1903లో మొదలై 1916లో ఆగిపోయాయి. మూడో తరం వాళ్ళం మేము ఈ కాలిఫోర్నియా చేరి, ఇంట్లో చెవిన పడిన తెలుగును ఇప్పుడు పలక మీద దిద్దుకుంటున్నాము. ఒకనాడు తరగతిలో శరీర భాగాల పేర్లు, జబ్బుల పేర్లు చెప్పుకుంటున్నాము. కంటికి, పంటికి, కడుపుకు వచ్చే జబ్బులన్నిటికీ మన ఇళ్ళలో మంచి మాటలున్నాయి. మెదడుకు వచ్చేసరికి ఎవరి నోట విన్నా దయ్యం పట్టిందనో, బద్ధకమనో, చాదస్తమనో అన్నవే. ఒక్కటీ జబ్బు పేరు కాదు. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికింది చదువుతూ వచ్చాము. అందులో కొంత మీతో పంచుకుంటాము.

కాలిలో ముల్లు దిగినా, గాయంలో క్రిమి చేరినా రక్తంలోని తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి. ఎర్రబడటం, వాయడం, జ్వరం రావడం ఆ పోరాటపు గుర్తులే. ఇంతవరకు ఐదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. మరి మెదడు మాటేమిటి? చాలాకాలం వైద్యులు దానిని అంతఃపురమనుకున్నారు, సైనికులకు అందులో ప్రవేశం లేదనుకున్నారు. 1948లో పీటర్ మెడవార్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు కుందేళ్ళ మెదడులో పరాయి చర్మపు ముక్కలు పెట్టి చూశాడు. ఒంటి మీద అంటిస్తే కొద్దిరోజుల్లో రాలిపోవలసిన ముక్క అక్కడ నిలిచింది. పైగా మెదడులోని రక్తనాళాల గోడలు చాలా బిగువు. రక్తంలో తిరిగే ఎన్నో పదార్థాలను అవి లోపలికి రానివ్వవు. ఈ రెండూ చూసి, మెదడుకూ వ్యాధి నిరోధక శక్తికీ సంబంధం లేదన్నట్లుగా పాఠ్యపుస్తకాలు చాలాకాలం నడిచాయి.

ఆ మాట నిలవలేదు. 2015లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ కిప్నిస్ బృందం ఎలుక మెదడు పైపొరలో లింఫ్ నాళాలను చూపింది. నిరోధక కణాలు రాకపోకలు సాగించే కాలువలివి. ఫిన్లాండు బృందం ఒకటి కూడా అదే సంవత్సరం వీటిని కనిపెట్టింది. అక్కడ అటువంటివి లేవని అప్పటిదాకా విద్యార్థులు వల్లె వేశారు. పొరను కపాలం నుంచి పీకి చూసేటప్పుడు అది చిరిగిపోయేదట. ఈసారి కపాలానికి అంటి ఉండగానే స్థిరపరిచి, ఆ తర్వాత ఊడదీశారు. పని చేసే పద్ధతిలో చిన్న మార్పు. చాలా పెద్ద సంగతులు ఇలాగే బయటపడతాయి కాబోలు.

ఇక మెదడు లోపలే కాపురముండే కావలి కణాలు వేరే ఉన్నాయి. వాటిని 1919లో స్పెయిన్ దేశపు పియో దెల్ రియో ఓర్తెగా విడిగా గుర్తించి మైక్రోగ్లియా అని పేరు పెట్టాడు. గ్లియా అంటే గ్రీకు భాషలో బంక. నరకణాలను అతికించి ఉంచే బంక తప్ప ఇంకేమీ కాదని అంతకుముందు అనుకున్న కణాల పేరు అలా ఉండిపోయింది. మెదడు కణాల్లో ఇవి నూటికి ఐదు నుంచి పది వరకు ఉంటాయి. మా తాతలు చెప్పే ఊళ్ళలో తలారి ఉండేవాడు. రాత్రివేళ కర్ర చప్పుడు చేసుకుంటూ వీధులన్నీ తిరిగేవాడు. మైక్రోగ్లియా కూడా అంతే. 2005లో బతికి ఉన్న ఎలుక మెదడును గొప్ప సూక్ష్మదర్శినితో చూసినప్పుడు, ఏ జబ్బూ లేని వేళ కూడా ఇవి కొమ్మల్లాంటి చేతులు చాస్తూ, ముడుస్తూ, చుట్టుపక్కల ప్రతి మూలా తడిమి చూస్తూ కనిపించాయి. అంతకుముందు వీటిని నిద్రాణ కణాలనేవారు.

ఇవి పుట్టింది మెదడులో కాదు. పిండదశ తొలిరోజుల్లో, పిండం పక్కనుండే పచ్చసొన సంచిలో పుట్టి, మెదడుకు వలస వెళ్ళి, అక్కడే సంతానం పెంచుకుంటాయని 2010లో ఎలుకల్లో తేలింది. ఆ తర్వాత పుట్టినచోటికి తిరిగి వెళ్ళవు. ఈ సభలో కూర్చున్న మనకు ఈ కథ కొత్తదేమీ కాదు.

కాపలా ఒక్కటే వాటి పని కాదు. పసిపిల్లల మెదడులో నరకణాల మధ్య కలయికలు అవసరానికి మించి మొలుస్తాయి. నారుమడిలో ఒత్తుగా లేచిన మొక్కలను పలచన చేసినట్లు, పనికిరాని కలయికలను మైక్రోగ్లియా తినివేస్తుందని బోస్టన్‌లో బెత్ స్టీవెన్స్ బృందం 2012లో చూపింది. ఇది సక్రమంగా జరిగితేనే మెదడు కుదురుకుంటుంది. కౌమారంలో ఇది అతిగా జరగడానికీ, స్కిజోఫ్రీనియా అనే మనోవ్యాధికీ సంబంధం ఉండవచ్చని 2016లో బోస్టన్ నుంచే మరొక పరిశోధన వచ్చింది.

కావలివాడు నిద్రపోతే నష్టం. కంచే చేను మేస్తే ఇంకా పెద్ద నష్టం. మా తరగతిలో చెప్పిన మొదటి మాట, దయ్యం, ఇక్కడికి వస్తుంది.

2007లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెప్ దల్మావ్ అనే వైద్యుడు ఒక జబ్బును వివరించాడు. శత్రువుల మీద వేయవలసిన బాణాలను, అంటే యాంటీబాడీలను, నిరోధక కణాలు పొరపాటున మెదడులోని ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాల మీద వేస్తాయి. ఎక్కువగా పడుచు ఆడపిల్లలకు వస్తుంది. కొందరికి అండాశయంలో ఉన్న చిన్న కణితి దీనికి మూలం. మొదట నిద్ర పట్టదు, అనుమానాలు మొదలవుతాయి, ఎవరో తరుముతున్నారంటుంది. తర్వాత మూర్ఛలు, మూతి వంకర్లు, మాట పడిపోవడం. 2009లో న్యూయార్కులో సుసానా కహలాన్ అనే 24 ఏళ్ళ పత్రికా విలేకరికి ఇదే వచ్చింది. పిచ్చి అన్నారు, తాగుడన్నారు. చివరికి సుహేల్ నజ్జార్ అనే వైద్యుడు ఆమె చేతికి కాగితమిచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. ఆమె పన్నెండు అంకెలూ కుడిపక్కనే వేసింది. మెదడులో ఒక పక్క వాచి ఉందని ఆయన గ్రహించాడు. చికిత్స జరిగింది, ఆమె కోలుకుంది, 2012లో తన కథను పుస్తకంగా రాసింది. వేళకు చికిత్స అందిన వాళ్ళలో నూటికి ఎనభైమంది వరకు బాగా కోలుకుంటున్నారు.

మా పెద్దమ్మ ఒక కథ చెప్పేది. తోట లైన్లలో పక్కింటి పిల్ల, పెళ్ళి కుదిరిన పిల్ల, వారం రోజుల్లో మనిషి మారిపోయిందట. గోడతో మాట్లాడేదట, ఒళ్ళు బిగదీసుకునేదట. గుంజకు కట్టి వేపమండలతో కొట్టారు. పొగ వేశారు. రెండు నెలలు బతకలేదు. ఆమెకు వచ్చింది ఇదే జబ్బని మేము అనము. ఆ రోజుల్లో వైద్యులకే పేరు తెలియని జబ్బు, తోటలో కూలివాళ్ళకెలా తెలుస్తుంది? కాని ఈనాడు, ఆసుపత్రి పదిహేను నిమిషాల దూరంలో ఉన్న ఈ దేశంలో కూడా, పడుచుపిల్ల ఉన్నట్టుండి వింతగా మాట్లాడితే సంబంధాలు చెడతాయని వారాల తరబడి తలుపులు మూసి ఉంచే ఇళ్ళున్నాయి. మనకందరికీ తెలుసు. ఈ జబ్బులో ఆ వారాలే ముఖ్యం.

ఇప్పుడు మన తెలుగువాడి దగ్గరకు వద్దాము. ఈ భాగం కొంచెం ఎక్కువసేపు చెప్తాము, ఓర్చుకోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు కట్టినందుకు పై అధికారి ఆగ్రహించగా, పూర్తి పట్టాకు బదులు తక్కువరకం పట్టా చేతిలో పెట్టారు. ఆయన సోదరుడు స్ప్రూ అనే వ్యాధితో చనిపోయాడు. ఆ దుఃఖం ఆయనను వదలలేదు. బోస్టన్ చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్కీతో కలిసి ఒంట్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. ఈనాడు గర్భిణీ స్త్రీలందరూ మింగే మాత్ర అదే. స్ప్రూ రోగులకు కూడా అది పనికివచ్చింది.

అదే సమయంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కేన్సర్ వచ్చిన పిల్లలను చూస్తున్నాడు. ల్యుకీమియా అంటే మరేమిటో కాదు, కాపలా కాయవలసిన తెల్లకణాలే లెక్కాపత్రం లేకుండా పెరిగిపోవడం. ఫోలిక్ ఆసిడ్ ఇస్తే ఆ కణాలు ఇంకా విజృంభించినట్లు కనిపించింది. అయితే దానికి విరోధి అయిన పదార్థం ఇస్తే అవి ఆకలితో చావవా అని ఫార్బర్ ఆలోచన. ఆ విరోధిని సుబ్బారావుగారి బృందం తయారు చేసి ఇచ్చింది. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు: 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే. అయినా అంతకుముందు ఆ జబ్బుకు ఏ మందూ లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు నిద్రలో గుండె ఆగి పోయారు. ఏళ్ళు 53. మళ్ళీ ఇండియా చూడలేదు.

అమినోప్టెరిన్‌కు తమ్ముడు మెథోట్రెక్సేట్. మీలో కీళ్ళవాతం ఉన్న అమ్మలకు ఈ పేరు తెలిసే ఉంటుంది. వారానికి ఒక్కసారి వేసుకోవలసిన మాత్ర అది. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఆ మాట ఇంట్లో మాత్రల డబ్బా సర్దేవాళ్ళందరూ గుర్తుంచుకోవాలి. దానితో పాటు మామూలుగా ఫోలిక్ ఆసిడ్ మాత్ర కూడా ఇస్తారు. సుబ్బారావుగారి బృందం తయారు చేసిన పదార్థమూ, దాని విరోధీ ఒకే డబ్బాలో పక్కపక్కన ఉంటాయన్నమాట.

ఇక మెదడు సంగతి. మందులతో పిల్లలు కొంతకాలం బతకడం మొదలుపెట్టాక ఒక కొత్త బాధ వచ్చింది. రక్తం శుభ్రపడినా, కొద్ది నెలల్లో తలనొప్పి, వాంతులతో జబ్బు తిరిగి వచ్చేది, ఈసారి మెదడు పొరల్లో. ఇందాక చెప్పుకున్న బిగువైన గోడ మందును లోపలికి రానివ్వలేదు. దొంగ కణాలు ఆ గోడ చాటున దాక్కున్నాయి. మెంఫిస్ నగరంలో 1962లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ ఈ చాటును వదలకూడదని నిశ్చయించాడు. తలకు రేడియేషన్ ఇచ్చి, వెన్నులో సూదితో, మెదడు చుట్టూ ఉండే నీటిలోకే మెథోట్రెక్సేట్ ఎక్కించాడు. ఆ దశాబ్దం చివరి నాటికి సగం మంది పిల్లలు నిలిచారు. ఇప్పుడు ఆ రకం ల్యుకీమియా పిల్లలు నూటికి తొంభై వరకు బతుకుతున్నారు. రేడియేషన్ చాలావరకు మానివేశారు, వెన్నులో వేసే మందు నిలిచింది.

అలా బతికిన పిల్లలే మా తరగతి గదుల్లో కూర్చున్నారు. మా రెండో మాట, బద్ధకం, ఇక్కడిది. జుట్టు తిరిగి వచ్చింది, బుగ్గలు నిండాయి, చుట్టాలందరూ దిష్టి తీశారు. కాని నాలుగు మెట్ల లెక్క ఇస్తే రెండో మెట్టు దగ్గర ఆగిపోయేవాడు. చెప్పింది అర్థమయ్యేది, చేయడానికి రెట్టింపు సమయం పట్టేది. స్టాఫు గదుల్లో "శ్రద్ధ లేదు" అనే మాట వినిపించేది. ఇంట్లో అమ్మానాన్నలు "గారాబం చేసి చెడగొట్టుకున్నాం" అనేవారు. పిల్లవాడు మాత్రం తల వంచుకుని పెన్సిలు కొరుకుతూ కూర్చునేవాడు.

2018 డిసెంబరులో స్టాన్‌ఫర్డులో మిషెల్ మోంజే, ఎరిన్ గిబ్సన్ బృందం ఒక పరిశోధన వెలువరించింది. పిల్ల ఎలుకలకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. మందు ఆపి ఎంతోకాలమైనా మైక్రోగ్లియా శాంతించలేదు. ఆ ఉద్రేకం వల్ల, నరాల తీగెలకు తొడుగు వేసే కణాలు సరిగా ఎదగలేకపోయాయి. కరెంటు తీగెకు రబ్బరు తొడుగు పలచబడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. చికిత్స పొందిన పిల్లల మెదడు కణజాలంలో కూడా ఆ తొడుగు కణాల మూలకణాలు తక్కువగా కనిపించాయి. తర్వాత వాళ్ళు ఎలుకల్లో మైక్రోగ్లియాను వేరొక మందుతో తగ్గించి చూశారు. తొడుగు కణాలు కుదుటపడ్డాయి, ఎలుకల జ్ఞాపకం మెరుగుపడింది. ఇది ఎలుకల్లో జరిగిన పని, పిల్లలకు ఇచ్చే చికిత్స కాదు. మెథోట్రెక్సేట్ వద్దనడానికి ఇది కారణం అంతకన్నా కాదు. అది లేకపోతే ఆ పిల్లవాడే లేడు. కాని పెన్సిలు కొరుకుతున్నవాడి తలలో తలారి ఇంకా కర్ర ఝళిపిస్తూనే ఉన్నాడని తెలిస్తే, వాడికి పరీక్షలో అదనపు సమయం అడగడానికి మనకు నోరు వస్తుంది. ఈ దేశపు చట్టం ప్రకారం జబ్బు వల్ల చదువు కుంటుపడిన పిల్లలకు బడులు ఆ సదుపాయం ఇవ్వాలి, అడగాలి అంతే. 2022లో ఇదే బృందం కోవిడ్ తర్వాత వచ్చే మసక మతికి కూడా ఇటువంటి కారణమే ఎలుకల్లో చూపింది.

మూడో మాట చాదస్తం. పెద్దవాళ్ళు అడిగిందే అడుగుతుంటే, పొయ్యి ఆర్పడం మరిస్తే, పొరుగింటి దారి తప్పితే, అది వయసు లక్షణమని సరిపెట్టుకుంటాము. ఈ దేశంలో 65 దాటినవాళ్ళలో 70 లక్షల మందికి పైగా అల్జైమర్స్ ఉందని లెక్క. ఇండియాలో 60 దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి ఏదో ఒక రకం మతిభ్రంశం ఉందని 2023లో అచ్చయిన పెద్ద సర్వే చెప్పింది. అల్జైమర్స్‌లో అమిలాయిడ్ అనే పదార్థం మెదడులో గడ్డలు కడుతుంది. ఊడ్చవలసినది మైక్రోగ్లియా. ఆ కణాలకు చెత్తను పసిగట్టే చేయి వంటి టీఆర్‌ఈఎమ్-2 అనే గ్రాహకం ఉంది. దాని జన్యువులో ఒక అరుదైన లోపం ఉన్నవాళ్ళకు అల్జైమర్స్ వచ్చే అవకాశం సుమారు మూడింతలని 2013లో ఐస్‌లాండు, లండన్ బృందాలు ప్రచురించాయి. అంటే తలారి ఊడ్పు మానితే వీధిలో చెత్త పేరుకుంటుంది. మరికొంతకాలానికి వాడే రేగిపోయి మంచి కలయికలను కూడా తొక్కుతాడు.

2023 జులైలో అమెరికా ప్రభుత్వం లెకానెమాబ్ అనే మందుకు పూర్తి అనుమతి ఇచ్చింది, 2024 జులైలో డొనానెమాబ్‌కు ఇచ్చింది. రెండూ అమిలాయిడ్ గడ్డలకు అంటుకుని, ఇదిగో ఇక్కడ ఊడ్చు అని కావలి కణాలను పిలుస్తాయి. లెకానెమాబ్ పరీక్షలో 18 నెలల్లో క్షీణత వేగం నూటికి 27 వంతులు తగ్గింది. జబ్బు ఆగలేదు, వెనక్కు పోలేదు, నెమ్మదించింది. కొందరికి మెదడు వాపు, చిన్న రక్తస్రావాలు వస్తాయి. ఒక జన్యువు రెండు ప్రతులు ఉన్నవాళ్ళకు ఆ ప్రమాదం ఎక్కువ. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. మాలో ఒకరి అన్నగారు అన్నీ విని వద్దన్నారు. మరొకరి వదినగారు తీసుకుంటున్నారు. రెండూ ఆలోచించి చేసిన నిర్ణయాలే. మేము నొక్కి చెప్పేది ఒకటే: ఈ మందులు జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళకే. రెండేళ్ళు చాదస్తమని, మూడేళ్ళు ముసలితనమని అనుకుని, ఆ తర్వాత తీసుకువెళ్తే అవును, కాదు అని చెప్పే అవకాశం కూడా వాళ్ళకు మిగలదు. పైగా అన్ని మతిమరుపులూ అల్జైమర్స్ కావు. థైరాయిడ్ లోపం, బి-12 లోపం, పడక మందులు కూడా మతిని మసకబరుస్తాయి. అవి సరిచేయగలిగినవి.

కావలి కణాలకు సంబంధం లేకపోయినా ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేము. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది మతిభ్రంశ రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్ళకంటే రెండు అంతకుమించి భాషలు వచ్చినవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురాని వాళ్ళలో కూడా. అరవైలో భాష మొదలుపెట్టిన మా వంటివాళ్ళకు అది వర్తిస్తుందో లేదో ఆ పరిశోధన చెప్పదు. మేము మాత్రం తరగతి మానలేదు.

మతి తగ్గినవాళ్ళలో కొందరికి తర్వాత నేర్చిన ఇంగ్లీషు ముందు జారిపోయి, చిన్ననాటి మాట మిగులుతుంది. అమ్మమ్మ తెలుగులో జవాబు చెప్తుంటే డాక్టరు ఇంగ్లీషులో ప్రశ్న వేస్తాడు. ఫెడరల్ ధనం అందుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. మనుమరాలిని దుబాసీగా నిలబెట్టకండి. అమ్మమ్మ మనుమరాలి ముందు చెప్పని సంగతులు చాలా ఉంటాయి.

మా తరగతి వాళ్ళం ఒక కాగితం తయారు చేశాము, ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లీషు. మార్పు ఏ నెలలో మొదలైంది, నెమ్మదిగా వచ్చిందా వారంలో వచ్చిందా, జ్వరం గాని మూర్ఛ గాని ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు, ముందు ఏ పని మరిచారు అని ప్రశ్నలు వేసి జాగా వదిలాము. బయట పుస్తకాల బల్ల మీద, కాఫీ పక్కన పెట్టాము. ఇంటికి రెండేసి తీసుకువెళ్ళండి. భోజనాలు సిద్ధమయ్యాయని కబురు వచ్చింది.